చూపులేని 9వ తరగతి అమ్మాయికి ఆల్జీబ్రా, గ్రాఫులు: ల్యాప్‌టాప్‌లో ఏమేం పెట్టాలి, ఎలా చెప్పాలి?

లెక్కల_టీచరు (మారతహళ్ళి, బెంగళూరు)

నమస్కారమండి. సీబీఎస్‌ఈ స్కూల్లో 9, 10 తరగతులకు లెక్కలు చెబుతాను. ఈ ఏడాది 9లోకి పూర్తిగా చూపులేని అమ్మాయి వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మీడియం. 8 దాకా అంధుల పాఠశాలలో చదవడంతో టేలర్ ఫ్రేమ్ (గుంటల్లో దిమ్మలు పెట్టి లెక్కలు చేసే పలక), అబాకస్ (పూసల చట్రం) బాగా వచ్చు. తెలుగు బ్రెయిలీ, ఇంగ్లీషు బ్రెయిలీ రెండూ చదువుతుంది. విండోస్ 11 ల్యాప్‌టాప్, అందులో ఎన్‌వీడీఏ (తెర మీదున్నది చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడర్), 20 సెల్స్ (ఒక్కో బ్రెయిలీ అక్షరం పట్టే గడి ఒక సెల్) ఉన్న ఆర్బిట్ రీడర్ అనే బ్రెయిలీ డిస్‌ప్లే ఉన్నాయి. టైపింగ్ చురుగ్గా చేస్తుంది.

ఇబ్బంది మూడు చోట్ల వస్తోంది. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిస్తే మామూలు వాక్యాలు చదువుతుంది గానీ సమీకరణం రాగానే అక్షరాలు, అంకెలు కలగాపులగం అయిపోతున్నాయి. రెండోది, తను నోటితో చెబుతుంటే పక్కనున్న పిల్లలు రాస్తున్నారు. మూడు నాలుగు స్టెప్పులు దాటాక వెనక ఏం రాశారో తనకు అందదు. తను చేసినట్టా, రాసినవాళ్లు చేసినట్టా అన్నది నాకు తేలడం లేదు. మూడోది గ్రాఫులు, జామెట్రీ బొమ్మలు.

తెలివైన పిల్ల. లెక్క రాక కాదు, లెక్క చేతికి అందక ఆగిపోతోంది. ఉచితంగా దొరికేవి ముందు చెప్పండి, కొనాల్సినవి ఉంటే మేనేజ్‌మెంట్‌ను అడుగుతాను.

బీటీఎం_టెస్టర్

మేడమ్, స్క్రీన్ రీడర్లతోనే రోజంతా నా పని, అందుకని మొదటి ఇబ్బందికి వివరంగా రాస్తాను.

సమీకరణం మ్యాథ్‌ఎమ్‌ఎల్ (ఏది ఘాతం, ఏది లవం అన్నది కూడా కంప్యూటర్‌కు చెప్పే రాత) రూపంలో ఉంటేనే స్క్రీన్ రీడర్‌కు అది సమీకరణంగా తెలుస్తుంది. బొమ్మగా ఉంటే అసలు వినబడదు. పీడీఎఫ్‌లో ఉంటే అక్షరాలు వినబడతాయి గానీ ఏది పైన, ఏది కింద అన్న సంగతి పోతుంది. ఉదాహరణకు ఒక భిన్నం తీసుకోండి: పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ 9, కింద ఎక్స్ మైనస్ 3. పీడీఎఫ్‌లో ఇది చాలాసార్లు 'ఎక్స్ టూ నైన్ ఎక్స్ త్రీ' అని వినబడుతుంది. ఘాతం లేదు, గీత లేదు, మైనస్ కూడా లేదు.

మైనస్ ఎందుకు పోయిందన్నది తప్పకుండా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇది పీడీఎఫ్‌తో ఆగదు. ఎన్‌వీడీఏలో విరామచిహ్నాలు ఎంతవరకు చదవాలన్నదానికి స్థాయిలు ఉంటాయి. ఇన్‌స్టాల్ చేయగానే ఉండేది 'సమ్' అనే స్థాయి. ఆ స్థాయిలో ప్లస్, ఈక్వల్స్ చదువుతుంది. కీబోర్డు మీది మామూలు హైఫన్‌నూ, బ్రాకెట్లనూ చదవదు. మనం మైనస్ కోసం కొట్టేది ఆ హైఫనే. అంటే మీరు వాట్సాప్‌లోనో నోట్‌ప్యాడ్‌లోనో 5 - 3 అని పంపితే తనకు 'ఫైవ్ త్రీ' అనే వినబడుతుంది. ఎన్‌వీడీఏ కీతో (మామూలుగా ఇన్సర్ట్ కీ) పాటు పీ నొక్కుతూ పోతే స్థాయి మారుతుంది. లెక్కల వేళ అది 'ఆల్' దగ్గర ఉండాలి. మిగతా పాఠాలకు 'ఆల్' పెడితే కామా, ఫుల్‌స్టాప్ అన్నీ చదివి ప్రాణం తీస్తుంది. కాబట్టి ఎన్‌వీడీఏ మెనూలో కాన్ఫిగరేషన్ ప్రొఫైల్స్‌కు వెళ్లి 'మ్యాథ్స్' అని వేరే ప్రొఫైల్ చేయండి. అందులో స్థాయి 'ఆల్', గొంతు భారతీయ ఇంగ్లీషు, వేగం మామూలు కన్నా కొంచెం తక్కువ పెట్టండి. విండోస్‌తో వచ్చే హీరా, రవి గొంతులు సరిపోతాయి. తెలుగు చదవడానికి ఈస్పీక్ తెలుగు గొంతు మామూలు ప్రొఫైల్‌లో ఉండనివ్వండి.

ఇక అసలు పనిముట్టు మ్యాథ్‌క్యాట్. ఎన్‌వీడీఏకు ఉచిత యాడ్ఆన్. మీ వెర్షన్‌లో ఇప్పటికే లేకపోతే టూల్స్ మెనూలోని యాడ్ఆన్ స్టోర్‌లో వెతికి ఇన్‌స్టాల్ చేసి, ఎన్‌వీడీఏను ఒకసారి ఆపి తెరవాలి. పాత గైడ్లలో మ్యాథ్‌ప్లేయర్ పెట్టుకోమని ఉంటుంది. దాని జోలికి వెళ్లకండి. దాన్ని తయారుచేసిన నీల్ సోయిఫర్ గారే తర్వాత మ్యాథ్‌క్యాట్ రాశారు.

మ్యాథ్‌క్యాట్ ఉంటే పై భిన్నాన్ని 'ద ఫ్రాక్షన్ విత్ న్యూమరేటర్ ఎక్స్ స్క్వేర్డ్ మైనస్ నైన్, అండ్ డినామినేటర్ ఎక్స్ మైనస్ త్రీ' అని చదువుతుంది. అంతకన్నా ముఖ్యం, లోపలికి వెళ్లి చూసుకోవచ్చు. సమీకరణం మీద ఉండగా ఎన్‌వీడీఏ కీ, ఆల్ట్, ఎం కలిపి నొక్కాలి. కింది బాణం నొక్కితే ఒక మెట్టు లోపలికి, పై బాణం నొక్కితే బయటికి, కుడి ఎడమ బాణాలతో పక్క పదానికి. ఎస్కేప్ కొడితే మళ్లీ వాక్యంలోకి. పొడుగు సమీకరణాన్ని ఒక్కసారి విని గుర్తుంచుకోవడం ఎవరికైనా కష్టమే. మనం కళ్లతో వెనక్కి వెళ్లి లవం ఒకసారి, హారం ఒకసారి చూసుకుంటాం. ఈ బాణాలు తనకు ఆ పని చేస్తాయి. మొదటి వారం సిలబస్ పక్కన పెట్టి ఇది ఒక్కటే అలవాటు చేయించినా నష్టం లేదు.

సెట్టింగ్స్‌లో స్పీచ్ స్టైల్ క్లియర్‌స్పీక్, వర్బోసిటీ మొదట 'వర్బోస్', అలవాటయ్యాక 'టెర్స్' పెట్టండి. భాష ఇంగ్లీషు. క్లాసులో మీరు వాడే మాటలు అవే కాబట్టి ఇబ్బంది ఉండదు.

మీ వైపు చేయాల్సింది: ప్రశ్నలూ బోర్డు మీద రాయబోయే స్టెప్పులూ వర్డ్‌లో టైపు చేసి క్లాసుకు ముందే ఫైలు ఇవ్వడం. ఆల్ట్‌తో పాటు ఈక్వల్స్ కీ కొడితే సమీకరణం పెట్టె వస్తుంది. అందులో ఘాతానికి టోపీ గుర్తు, భిన్నానికి స్లాష్ వాడి, లవం హారం రెండింటినీ బ్రాకెట్లలో పెట్టి స్పేస్ కొడితే అదే సరైన ఆకారంలోకి వస్తుంది. హైఫన్ కొట్టినా అక్కడ అసలు మైనస్‌గా మారిపోతుంది. చేయకూడనివి రెండు. 2ను ఎంచుకుని సూపర్‌స్క్రిప్ట్ బటన్ నొక్కి ఘాతంలా కనబడేట్టు చేయకండి. ఎన్‌వీడీఏ దాన్ని మామూలుగా 'ఎక్స్ టూ' అనే చదువుతుంది. గీత గీసి పైనా కిందా టెక్స్ట్ బాక్సులు పెట్టి భిన్నం చేయకండి.

ఇది నేరుగా వర్డ్‌లో చదవాలంటే తన దగ్గర వర్డ్ 365 ఉండాలి. పాత ఫైళ్లలో మ్యాథ్‌టైప్‌తో చేసిన సమీకరణాలుంటే వాటిని ఆఫీస్ మ్యాథ్‌గా మార్చుకోవాలి. పాత వర్డ్ అయితే దారి వేరు: పాన్‌డాక్ అనే ఉచిత ప్రోగ్రాంతో వర్డ్ ఫైలును మ్యాథ్‌ఎమ్‌ఎల్ ఆప్షన్ పెట్టి హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మార్చి, ఫైర్‌ఫాక్స్‌లో గానీ క్రోమ్‌లో గానీ తెరవండి. క్రోమ్‌కు 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్ నుంచి మ్యాథ్‌ఎమ్‌ఎల్ తెలుసు.

పుస్తకంలోని లెక్కలన్నీ చేత్తో టైపు చేయలేకపోతే మ్యాథ్‌పిక్స్, ఇన్‌ఫ్టీరీడర్ ఉన్నాయి. పేజీ బొమ్మ నుంచి సమీకరణాలు పట్టుకుంటాయి. ఇన్‌ఫ్టీరీడర్‌కు స్కాన్ 400 లేదా 600 డీపీఐలో ఉండాలి, ఫోన్ ఫోటో పనికిరాదు. రెండూ డబ్బు కట్టాల్సినవే. ఏది వాడినా చూపున్న మనిషి ప్రతి పంక్తినీ అసలు పేజీతో సరిచూడాలి. చిన్న మైనస్ ఎగిరిపోవడం, ఘాతం కిందికి దిగడం, దశాంశ బిందువు పోవడం మామూలుగా జరిగే తప్పులు. చూపున్న పిల్లలైతే ఇక్కడేదో అచ్చుతప్పు అని పట్టేస్తారు. తనకు ఆ అవకాశం లేదు, గంటసేపు లేని లెక్కతో కుస్తీ పడుతుంది.

ఫైలు ఇచ్చేముందు మానిటర్ ఆపేసి, ఎన్‌వీడీఏతో ఒకసారి మీరే వినండి. ఏది అందుతోందో, ఏది అందడం లేదో అప్పుడే తెలుస్తుంది.

ఆరు_చుక్కలు

పై జవాబు మొత్తంతో ఏకీభవిస్తాను. ఒక్కటి మాత్రం కలపాలి. వినడంతోనే ఆల్జీబ్రా నడిపించకండి. ఆర్బిట్ రీడర్ ఉందన్నారు, అది పెద్ద అదృష్టం. వేళ్ల కింద సమీకరణం నిలకడగా ఉంటే గుర్తుంచుకునే బరువు తగ్గుతుంది. యూఎస్‌బీతో కలిపి, మ్యాథ్‌క్యాట్ సెట్టింగ్స్‌లో బ్రెయిలీ ట్యాబ్‌కు వెళితే గణిత కోడ్ ఎంచుకోమంటుంది. అక్కడ నెమెత్ (గణితం కోసమే చేసిన బ్రెయిలీ కోడ్), యూఈబీ (ఇంగ్లీషుకూ గణితానికీ కలిపి ఉన్న బ్రెయిలీ కోడ్) కనిపిస్తాయి.

ఏది పెట్టాలన్నది తేలిగ్గా తీసుకోవద్దు. పైన చెప్పిన భిన్నాన్నే రెండింటిలో లెక్కపెట్టి చూడండి. నెమెత్‌లో భిన్నం మొదలు 1-4-5-6 చుక్కలు (సెల్‌లోని ఆరు చుక్కలకు ఉండే నంబర్లు ఇవి), ఎక్స్‌కు 1-3-4-6, పైకి వెళ్తున్నామని 4-5, రెండుకు 2-3, మళ్లీ కిందికి దిగామని 5, మైనస్‌కు 3-6, తొమ్మిదికి 3-5, భిన్నం గీతకు 3-4, మళ్లీ ఎక్స్, మైనస్, మూడుకు 2-5, చివర భిన్నం ముగింపు 3-4-5-6. మొత్తం 12 సెల్స్. యూఈబీలో ప్రతి అంకె ముందూ సంఖ్యా సూచిక రావాలి, మైనస్‌కు రెండు సెల్స్, భిన్నం గీతకు రెండు సెల్స్. అదే భిన్నం 17 సెల్స్ తీసుకుంటుంది, గ్రేడ్ 1 సూచిక (తర్వాత వచ్చేవి సంక్షిప్తాలు కావని చెప్పే గుర్తు) పెడితే ఇంకా పెరుగుతుంది. 20 సెల్స్ పరికరం మీద ఈ తేడా చాలా ఎక్కువ. పక్కన ఈక్వల్స్ పెట్టి ఇంకో పదం రాస్తే యూఈబీలో పంక్తి దాటిపోతుంది, ముందుకూ వెనక్కూ జరుపుకుంటూ చదవాలి. అందుకే 9, 10 తరగతుల ఆల్జీబ్రాకు నా ఓటు నెమెత్‌కే. అయితే తను ఇప్పటికే యూఈబీ గణితంలో స్థిరపడి ఉంటే, లేదా మీకు పుస్తకాలు అచ్చువేసి ఇచ్చేవాళ్లు యూఈబీలోనే ఇస్తుంటే, ఏడాది మధ్యలో మార్చకండి. ముందు తనకు ఏది వచ్చో అడగండి.

నెమెత్ మొదలుపెట్టినప్పుడు పిల్లలు తడబడేది ఎక్కడో చెబుతాను. తెలుగు బ్రెయిలీలోనూ ఇంగ్లీషులోనూ అంకెలు సెల్ పైభాగంలో, 'ఏ' నుంచి 'జే' దాకా ఉన్న అక్షరాల ఆకారంలో ఉంటాయి. నెమెత్‌లో అవే ఆకారాలు ఒక మెట్టు కిందికి దిగుతాయి. దాంతో రెండు అంకె మామూలు ఇంగ్లీషు బ్రెయిలీలోని సెమికోలన్‌లా తగులుతుంది. రెండో చిక్కు, భిన్నం ముగింపు గుర్తూ సంఖ్యా సూచికా ఒకటే ఆకారం, రెండూ 3-4-5-6. భిన్నం మూయగానే తర్వాత అంకె వస్తుందేమోనని వేళ్లు ఎదురుచూస్తాయి. ఈ రెండూ ముందే విడమరిచి చెప్పి, ఒక్కొక్క అంకెతో ఉన్న చిన్న భిన్నాలతో కొన్నాళ్లు చదివించండి. అబ్రహం నెమెత్ గారు కూడా చూపులేని గణిత ఆచార్యులేనని తనకు చెప్పండి. తన చదువు కోసం, బోధన కోసం ఈ పద్ధతి తయారుచేసుకుని 1952లో ప్రచురించారు.

సూత్రాల పట్టిక ఒకటి బీఆర్‌ఎఫ్ (నేరుగా బ్రెయిలీలో ఉండే) ఫైలుగా చేసి, పంక్తికి 20 సెల్స్ దాటకుండా, ఆర్బిట్ ఎస్‌డీ కార్డులో వేయండి. ల్యాప్‌టాప్ తెరవకుండానే చదువుకుంటుంది. కాగితం మీద బ్రెయిలీ కావాలంటే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మిత్ర జ్యోతి అనే సంస్థ వాళ్లను అడగండి. ట్రిపుల్ ఐటీ బెంగళూరులో మొదలైన విజన్ ఎంపవర్ అనే సంస్థ చూపులేని పిల్లలకు గణితం, సైన్సు చెప్పే టీచర్లతోనే పనిచేస్తుంది, వాళ్లతోనూ మాట్లాడండి.

లెక్కల_టీచరు

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్సండి ఇద్దరికీ. హైఫన్ సంగతి చదివాక, నేను పంపిన వర్క్‌షీట్‌లకు తను ఎందుకలా జవాబులు రాసిందో అర్థమైంది.

చదవడం సరే, రాయడం ఎలా? వర్డ్ సమీకరణం పెట్టెలోనే తనను రాయమంటే భిన్నం ఆకారంలోకి మారిన తర్వాత కర్సర్ లవంలో ఉందో హారంలో ఉందో బయట ఉందో తేల్చుకోలేకపోతోంది.

బీటీఎం_టెస్టర్

ఆ పెట్టెలో రాయించకండి మేడమ్. అది చూపున్నవాళ్ల కోసం చేసిన ఎడిటర్. స్పేస్ కొట్టగానే ఆకారం మారి కర్సర్ ఎక్కడో తేలుతుంది. తను నోట్‌ప్యాడ్‌లో ఒకే వరుసలో రాయాలి.

9వ తరగతికి లేటెక్ (గణితాన్ని మామూలు అక్షరాలతో రాసే పద్ధతి) పూర్తిగా నేర్పాల్సిన అవసరం లేదు. ఘాతానికి టోపీ గుర్తు, భిన్నానికి స్లాష్, వర్గమూలానికి ఎస్ క్యూ ఆర్ టీ అని నాలుగు అక్షరాలు రాసి బ్రాకెట్. ఒక్క నియమం మాత్రం కచ్చితంగా ఉండాలి: స్లాష్‌కు అటూ ఇటూ ఒకటి కన్నా ఎక్కువ పదాలుంటే బ్రాకెట్ తప్పనిసరి. బ్రాకెట్ లేకపోతే పై భిన్నం కాస్తా ఎక్స్ స్క్వేర్ మైనస్ 9 బై ఎక్స్, దాన్నుంచి మళ్లీ 3 తీసివేసినట్టు అయిపోతుంది. మొదట్లో తను చేసే తప్పుల్లో ఎక్కువ ఇదే ఉంటుంది. అది లెక్క రాకపోవడం కాదు, రాత అలవాటు కాకపోవడం; మార్కులు వేసేటప్పుడు ఆ తేడా చూడండి.

స్టెప్పుల పద్ధతి ఇలా. ప్రతి స్టెప్పూ కొత్త పంక్తి. పంక్తి మొదట్లో దాని నంబరు, చుక్క, స్పేస్. కొత్త స్టెప్పును మొదటినుంచీ టైపు చేయకూడదు. హోమ్ కీ కొట్టి, షిఫ్ట్, ఎండ్‌తో పంక్తి మొత్తం ఎంచుకుని, కాపీ చేసి, ఎండ్, ఎంటర్ కొట్టి, పేస్ట్ చేయాలి. తర్వాత మారిన పదాన్ని మాత్రమే దిద్దాలి. దీనివల్ల మారని పదాలు తప్పుగా దిగే అవకాశం పోతుంది, పాత పంక్తి పైన భద్రంగా ఉంటుంది. సరిచూసుకునేటప్పుడు పంక్తి మొత్తం ఒకసారి విని, అనుమానం వచ్చిన చోట కుడి బాణంతో ఒక్కొక్క అక్షరం మీదుగా వెళ్లాలి. అలా అక్షరం అక్షరం వెళ్లేటప్పుడు స్థాయి ఏదైనా సరే హైఫన్, బ్రాకెట్లు అన్నీ చదువుతుంది. బ్రెయిలీ డిస్‌ప్లే మీద కూడా అదే పంక్తి వస్తుంది, అయితే ఇది నెమెత్‌లో ఉండదు, కంప్యూటర్‌లో టైపు చేసినది చేసినట్టే వస్తుంది. ఆ తేడా తనకు ముందే చెప్పాలి.

మీరు దిద్దేటప్పుడు అదే టెక్స్ట్ ఫైలు తెరిచి, తప్పు ఉన్న పంక్తి కిందనే 'టీచర్' అన్న మాటతో మొదలుపెట్టి వ్యాఖ్య రాయండి. తను కంట్రోల్, ఎఫ్ నొక్కి ఆ మాట వెతుక్కుంటే మీ దిద్దుబాట్లన్నీ వరసగా దొరుకుతాయి. ఎర్రరంగు, గీతలు, మార్జిన్ బాణాలు పనికిరావు. చక్కటి ఆకారంలో చూడాలనిపిస్తే ఘాతాలు, భిన్నాలు ఉన్న పంక్తిని కాపీ చేసి వర్డ్ సమీకరణం పెట్టెలో వేసి 'ప్రొఫెషనల్' నొక్కండి. తను రాసిన బ్రాకెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్క చూపులో తేలుతుంది. లేటెక్ ఇంటర్‌లో, ఇంజనీరింగ్‌లో ఎటూ పనికొస్తుంది కాబట్టి 10 అయ్యాక మొదలుపెట్టవచ్చు. అప్పుడు యాక్సెస్8మ్యాథ్ అనే ఎన్‌వీడీఏ యాడ్ఆన్ చూడండి.

క్లాసులో బోర్డు దగ్గర 'దీన్ని ఇటు తీసుకొస్తే', 'ఇది అది కొట్టేస్తే' అనకుండా పదాల పేర్లు చెప్పండి. 'ఎక్స్ ప్లస్ టూ స్క్వేర్' అంటే ఘాతం రెండుకా, మొత్తానికా తెలియదు. 'బ్రాకెట్‌లో ఎక్స్ ప్లస్ టూ, బ్రాకెట్ మొత్తం స్క్వేర్' అనాలి. దీనివల్ల క్లాసులో మిగతా పిల్లలకూ మేలే.

రిసోర్స్_రూమ్

గ్రాఫుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. దీనికి డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉంది, ఉచితం, బ్రౌజర్‌లో నడుస్తుంది. కానీ దానికి ముందు చేతికి తగిలే గ్రాఫు కావాలి, ఈ వరస తప్పకూడదని నా గట్టి అభిప్రాయం. అక్షం అంటే ఏమిటో, మూలబిందువు ఎక్కడుంటుందో, నాలుగు పాదాలు ఎటుంటాయో వేళ్లతో తెలియని పిల్లకు కంప్యూటర్ శబ్దం ఎంత వినిపించినా అది ఉత్త శబ్దమే.

కావలసినవి: మెత్తటి కార్క్ బోర్డు, లేదా ఓ మోస్తరు మందం రబ్బరు మ్యాట్, 30 సెంటీమీటర్లు చదరంగా, గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు, మందపాటి దారం. అవెన్యూ రోడ్డు స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి. సెంటీమీటరు గళ్లు సన్నటి దారంతో గానీ ఉబ్బెత్తు గీతలున్న షీటుతో గానీ చేయండి. రెండు అక్షాలు గళ్ల కన్నా స్పష్టంగా లావుగా తగలాలి, లేకపోతే లెక్కపెట్టుకుంటూ వెళ్లి అక్షం దాటిపోతారు. ప్రతి 5 యూనిట్లకూ అక్షం మీద ఒక సూది గుర్తుగా ఉంచండి. బిందువుకు సూది, సరళరేఖకు రెండు సూదుల మధ్య రబ్బరు బ్యాండ్. వాలు పెంచాలంటే సూది జరపడమే. బ్యాండ్ కదలడం తన చేతి కిందే జరుగుతుంది.

ఇది పట్టుబడ్డాక డెస్మోస్. 2ఎక్స్ ప్లస్ వై ఈక్వల్స్ 6 తీసుకోండి. ముందు దాన్ని వై ఈక్వల్స్ రూపంలోకి తనే మార్చాలి: వై ఈక్వల్స్ 6 మైనస్ 2ఎక్స్. అది టైపు చేసి ఆల్ట్, టీ నొక్కితే ఆడియో ట్రేస్ మొదలవుతుంది. హెచ్ నొక్కితే గ్రాఫు ఎడమ నుంచి కుడికి పాడుతుంది. వై ఎక్కువైతే స్వరం పైకి, తగ్గితే కిందికి. ఇక్కడ స్వరం దిగుతూ వస్తుంది, ఎక్స్ అక్షాన్ని దాటగానే దానితో పాటు గరగరమనే శబ్దం కలుస్తుంది. వై రుణాత్మకం అయిందని దాని అర్థం. ట్యాబ్ కొడితే ముఖ్యమైన బిందువుల దగ్గరికి దూకి నిరూపకాలు చెబుతుంది: 0, 6 ఒకటి, 3, 0 ఇంకొకటి. బాణాలతో మెల్లగా కూడా నడవవచ్చు. బాణాలు పనిచేయకపోతే ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో ఉండిపోయిందన్నమాట. ఎన్‌వీడీఏ కీ, స్పేస్ కలిపి నొక్కి ఫోకస్ మోడ్‌లోకి తేవాలి. డెస్మోస్‌లో నెమెత్, యూఈబీ రెండింటిలోనూ బ్రెయిలీ చదివే, రాసే సదుపాయం కూడా ఉంది. హెడ్‌ఫోన్లు స్టీరియోవి ఉండాలి, శబ్దం ఎడమ చెవి నుంచి కుడి చెవికి జరగడం వల్లనే ఎక్స్ ఎటు పోతోందో తెలుస్తుంది.

ప్రతి రేఖనూ విన్న తర్వాత బోర్డు మీద బ్యాండ్ పెట్టి చూపించమనండి. రెండూ కలిసినప్పుడే అర్థమైందని లెక్క.

జామెట్రీకి జర్మన్ ఫిల్మ్ సరిపోతుంది: రబ్బరు మ్యాట్ మీద పల్చటి ప్లాస్టిక్ షీటు పెట్టి బాల్‌పెన్నుతో గీస్తే గీత అదే వైపు ఉబ్బుతుంది. క్లాసులో అప్పటికప్పుడు త్రిభుజం గీసి చేతికివ్వవచ్చు, తను కూడా గీయవచ్చు. మళ్లీ మళ్లీ వాడే బొమ్మలకు స్వెల్ పేపర్ బాగుంటుంది. లేజర్ ప్రింటర్ లేదా జిరాక్స్‌తో నల్లగీతలు అచ్చువేసి, ఫ్యూజర్ అనే వేడి యంత్రంలోంచి పంపితే నల్లటి చోట్లు వేడి పీల్చుకుని ఉబ్బుతాయి. వేడి తక్కువైతే గీత తగలదు, ఎక్కువైతే తెల్లభాగం కూడా గరుకుగా లేస్తుంది, ప్రతి కట్టకూ ఒక చిన్న ముక్కతో పరీక్షించాలి. ఈ కాగితమూ యంత్రమూ ఖరీదైనవి, స్కూలు కొనడం కన్నా ఉన్నచోట చేయించుకోవడం నయం. ఐఐటీ ఢిల్లీలో పుట్టిన రెయిజ్డ్ లైన్స్ ఫౌండేషన్ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకు స్పర్శ చిత్రాలు తయారుచేస్తుంది, ముందు అక్కడ అడగండి.

మీరే బొమ్మ తయారుచేస్తే పుస్తకంలోది ఉన్నదున్నట్టు ఉబ్బించకండి. బ్రెయిలీ అక్షరం పరిమాణం మనం తగ్గించలేం, ఒక్కో సెల్‌కు దాదాపు 6 మిల్లీమీటర్లు, పంక్తికి 10 మిల్లీమీటర్లు పోతాయి. 4 సెంటీమీటర్ల త్రిభుజంలో మూడు కోణాల కొలతలు రాస్తే గీతలకూ అక్షరాలకూ తేడా తెలియదు. త్రిభుజాన్ని పేజీ అంతా పరిచి, శీర్షాలకు ఒక్కో అక్షరం పెట్టి, కొలతలు పక్కన వేరే వాక్యంగా ఇవ్వండి. గీతకు గీతకు మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. స్థూపం, శంకువు లాంటివాటికి కాగితం మీది బొమ్మ అసలు వద్దు. డబ్బా, గరాటు చేతికివ్వండి. వక్రతల వైశాల్యం చెప్పేటప్పుడు డబ్బాకు కాగితం చుట్టి విప్పి చూపిస్తే దీర్ఘచతురస్రం చేతికి వస్తుంది.

టేలర్ ఫ్రేమ్‌ను కూడా మూల పెట్టేయకండి. భాగహారం, నిలువు కూడికలు, దశాంశాలు దాని మీదే బాగా నడుస్తాయి. స్థానవిలువ చేతికి తగులుతుంది. ఆల్జీబ్రా మాత్రం ల్యాప్‌టాప్‌కు మార్చండి. ఫ్రేమ్ మీద చేసిన లెక్క తర్వాతి లెక్కకు తీసేయాలి, ఇంటికి తీసుకెళ్లి దిద్దడానికి మీకేమీ మిగలదు.

ఆరు_చుక్కలు

పరీక్షల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఏ పనిముట్టు అలవాటు చేస్తున్నారన్నది దాని మీద కూడా ఆధారపడుతుంది. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం, బ్రెయిలీలోనో కంప్యూటర్‌లోనో పరీక్ష రాసుకునే వీలు, టేలర్ ఫ్రేమ్, అబాకస్, బ్రెయిలీ పలక, జామెట్రీ కిట్ తెచ్చుకునే వీలు ఉన్నాయి. కంప్యూటర్ మీద రాసేవాళ్లు ఒకరోజు ముందు వచ్చి ఆ కంప్యూటర్‌ను సరిచూసుకోవచ్చని కూడా వాటిలో ఉంది. సీబీఎస్‌ఈలో కంప్యూటర్ వాడుకునే సదుపాయం ఉంది, కానీ ఫార్మాట్ చేసిన సొంత కంప్యూటర్ తేవాలి, పరీక్ష కేంద్రంలో దాన్ని తనిఖీ చేస్తారు, ఇంటర్నెట్ ఉండదు. అంటే డెస్మోస్ నేర్చుకోవడానికే, పరీక్షలో ఉండదు. గ్రాఫు ప్రశ్న బదులు ఏం ఇస్తారో 10వ తరగతి ప్రారంభంలోనే స్కూలు ద్వారా బోర్డుకు రాసి కనుక్కోండి. 9వ తరగతి యూనిట్ టెస్టుల నుంచే ఇదే పద్ధతిలో, ఇదే అదనపు సమయంతో రాయించండి; స్క్రైబ్‌తో (తను చెబితే రాసిపెట్టే మనిషితో) ఒక ఏడాది, కంప్యూటర్‌తో ఇంకో ఏడాది అయితే ఏదీ కుదురుకోదు.

బీటీఎం_టెస్టర్

ఫార్మాట్ చేయాలంటే తను పెట్టుకున్న 'మ్యాథ్స్' ప్రొఫైల్, మ్యాథ్‌క్యాట్, బ్రెయిలీ సెట్టింగ్స్ అన్నీ పోతాయి మేడమ్. పరీక్ష ముందురోజు నెట్ లేకుండా అవి తిరిగి పెట్టడం తలనొప్పి. దానికి దారి ఉంది. ఎన్‌వీడీఏ మెనూలో టూల్స్‌లో 'క్రియేట్ పోర్టబుల్ కాపీ' అని ఉంటుంది. అందులో ప్రస్తుత సెట్టింగ్స్ కాపీ చేయమనే గడిలో టిక్ పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. యాడ్ఆన్లు, ప్రొఫైళ్లు అన్నీ దాంట్లో వస్తాయి. ఫార్మాట్ అయిన ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టబుల్ కాపీని తెరిచి, దాని నుంచే ఇన్‌స్టాల్ చేస్తూ, అక్కడ కూడా సెట్టింగ్స్ కాపీ చేయమనే గడిలో టిక్ పెడితే పాత సెట్టింగ్స్‌తో సహా దిగుతుంది. ఇది పరీక్ష కేంద్రానికి వెళ్లకముందే ఇంట్లో జరగాలి. ఇన్‌స్టాల్ అయ్యాక 'మ్యాథ్స్' ప్రొఫైల్ ఆన్ చేసి, నోట్‌ప్యాడ్‌లో 5 - 3 అని టైపు చేసి పంక్తి మొత్తం చదివించండి. మధ్యలో హైఫన్‌ను పలికితే ప్రొఫైల్ సరిగ్గా దిగినట్టే.